మనవరాలిని ముద్దాడనివ్వని యశోదమ్మ

విశ్రాంత నర్సు యశోదమ్మ గారు సూర్యాపేటలో కన్నుమూశారన్న వార్త మొన్న ఉదయం కోదాడలోని నా మందుల దుకాణానికి చేరింది. చేతిలోని మందుల చీటీ బల్ల మీద పెట్టేశాను. నిజానికి నివాళి రాసే అర్హత నాకు లేదు. పదకొండేళ్లుగా మా మధ్య మాటల్లేవు. ఆమె పరుషభాషిణి. పదిమందిలో మనిషి పరువు తీయడానికి సంకోచించేది కాదు. మరణం ఆ నిజాన్ని మార్చదు.

వైరం ఒక ట్యూబుతో మొదలైంది. అనంతగిరి నుంచి వచ్చిన ఒక గర్భిణికి పెదవి అంచున నీటిపొక్కులు లేచాయి. ఏమీ అడగకుండా స్టెరాయిడ్ కలిసిన క్రీము ఇచ్చాను. అప్పట్లో కోదాడ దవాఖానలో నర్సుగా ఉన్న యశోదమ్మ మరునాడు ఆమెను వెంటబెట్టుకొచ్చి, గిరాకీలందరి ముందు ఆ ట్యూబు బల్ల మీద పడేసింది.

"ఎన్నో నెలని అడిగినవా సేటూ? గిది రాస్తె పొక్కులు ఇంక పెరుగుతయ్. చేతికొచ్చిన మందిస్తవా?"

"చిన్న పొక్కుకు గింత లొల్లెందుకమ్మా?" అన్నాను.

"చిన్నదో పెద్దదో డాక్టరమ్మ చెప్తది. నువ్వు చెప్పకు."

దవాఖానలో డాక్టరమ్మ పరీక్షించి వైరస్‌ను అణిచే అసైక్లోవిర్ పూతమందు రాసింది. ఆ చీటీ నా దుకాణానికే తెచ్చారు. "పలుచగ అద్దు. ముందూ వెనకా చేతులు కడుక్కో. పొక్కు గిల్లకు. కాన్పు దగ్గరపడ్డప్పుడు మళ్లొస్తే దాచకుండ చెప్పు" అని యశోదమ్మ నా ఎదుటే ఆమెకు వివరించింది. పాఠం నాకే చెబుతున్నట్టు తోచి ఒళ్లు మండింది.

తరువాత ఆమెకు మిర్యాలగూడ బదిలీ అయింది. నా కూతురు ప్రసవించింది కూడా అక్కడి దవాఖానలోనే. మనవరాలిని ఎత్తుకుని ముద్దాడబోతుండగా యశోదమ్మ వచ్చి బిడ్డను నా చేతుల్లోంచి లాక్కుంది. నా పెదవి మీద పొక్కు ఉంది.

"మందులమ్ముతవ్, గింత తెల్వదా? నీకది పొక్కే. పసిగుడ్డుకు అంటితె పాణం మీదికొస్తది. మానినంక రా."

వియ్యంకుల ఎదుట తలవంచుకుని బయటికి నడిచాను. పొక్కు ఎండి రాలేదాకా మనవరాలిని తాకలేదు. ఆమె చెప్పింది సత్యమని ఆ క్షణానే తెలుసు. అందుకే క్షమించలేకపోయాను.

ఇప్పుడు డాక్టరు చీటీ లేనిదే గర్భిణులకు ఏ పూతమందూ ఇవ్వను. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. గెలిచానన్న తృప్తి ఆమె ముఖంలో చూడటం నాకిష్టం లేకపోయింది. తప్పును ముఖం మీదే తప్పనగల అలాంటి మనిషి మా ప్రాంతానికి మళ్లీ దొరకదు.

మొన్న మధ్యాహ్నం సూర్యాపేట వెళ్లి ఆమె పాదాలకు దండం పెట్టాను. నన్ను చూసి ఏమీ అనని యశోదమ్మను చూడటం అదే మొదటిసారి.