ఎదుటివాడి కుడి

కళ్ళజోళ్ళ కొట్లో మా బాబాయిది వెనకగది. ముందుగదిలో అద్దాలు, దీపాలు, తెల్లకోటు తొడుక్కున్న ఓనరు కొడుకు. వెనకగదిలో సానరాయి, నీళ్ళ చుక్కలు, గాజుపొడి, ఒక స్టూలు. జోడు ముక్కు మీద చక్కగా కూర్చుంటే మెప్పు ముందుగదికి, కూర్చోకపోతే చీవాట్లు వెనకగదికి. ముప్పై ఏళ్ళుగా ఇదే పంపకం. నాకు ఒళ్ళు మండుతుంది. బాబాయికి మండదు. "వాళ్ళకి మొహం ఉంది, మనకి చెయ్యి ఉందిరా" అంటాడు.

ఆ చేతికో అలవాటుంది. చీటీ మీద 'కుడి' అని రాసిందంటే అది ఎదుటివాడి కుడి. జోడు పెట్టుకునే మనిషి ఎదురుగా కూర్చుంటాడు కాబట్టి అతని కుడికన్ను బాబాయికి ఎడమచేతి వైపు ఉంటుంది. ఆ మాటకి ఇంకో అర్థం కూడా ఉందన్న సంగతి ఆయన ఎప్పుడో మర్చిపోయాడు. ఇంట్లో "కుడిపక్కన పెట్టాను, చూడు" అని కేకేస్తే మా పిన్ని ముందు ఎడమపక్క వెతుకుతుంది.

కొట్టు మూసిన తర్వాత సాయంత్రాలూ, సెలవు రోజులూ మాత్రం ఆయన సొంతం. అప్పుడాయన విమానాలు తయారు చేస్తాడు. కింద నిలబడి రిమోట్‌తో నడిపే విమానాలు. వాటిని ఎవరైనా బొమ్మలంటే ఆయన నవ్వి ఊరుకుంటాడు, నేను ఊరుకోను. ఏడడుగుల రెక్కలు, ఎనిమిది కిలోల బరువు, ముక్కుకి పెట్రోలు ఇంజను. బొమ్మే కదా అనేవాడు ఆ ప్రొపెల్లర్ ముందు ఒక వేలు పెట్టి చూడాలి.

ఆ పెట్రోలు ఇంజను వెనక ఒక కథ ఉంది. మూడేళ్ళ కింద బాబాయికి ఇంకో చిన్న విమానం ఉండేది. దాని ఇంజనులో స్పార్కు ఉండదు. ఒకసారి వేడెక్కిందంటే గొట్టంలో ఇంధనం ఉన్నంతసేపు తిరుగుతూనే ఉంటుంది. ఒకరోజు మైదానంలో దాని వేగం తగ్గించే తీగ ఊడిపోయింది. తగ్గమంటే తగ్గదు, ఆగమంటే ఆగదు. రెండు చుట్లు తిరిగి, పిన్ని కూర్చున్న కుర్చీ మీదుగా దూసుకెళ్ళి, ఆమె కాళ్ళ పక్కనున్న ఫ్లాస్కుని ముక్కలు చేసి నేలలో దిగబడింది. పిన్నికి గీత కూడా పడలేదు. కానీ ఆ రోజు నుంచి ఆమె మైదానం మొహం చూడలేదు. బాబాయి కూడా మళ్ళీ ఎగరెయ్యలేదు. చెయ్యడం మానలేదు, ఎగరెయ్యడం మానేశాడు. రెక్కలు చేసి గోడకి ఆనించేవాడు.

కిందటేడు ఒకరోజు అన్నం తింటూ అన్నాడు, "పెట్రోలు ఇంజనుకైతే స్పార్కు ఉంటుంది. రిమోట్‌లో ఒక మీట పెట్టి స్పార్కు ఆపేస్తే చాలు, చచ్చినట్టు ఆగుతుంది."

పిన్ని చెయ్యి కడుక్కుని వచ్చింది. ఆసుపత్రిలో రక్తం తీసే ఉద్యోగం ఆమెది. సూది గుచ్చేటప్పుడు ఎలా మాట్లాడుతుందో అలాగే మాట్లాడింది, నెమ్మదిగా.

"ఒక్కసారి వస్తాను. నా కళ్ళముందు ఎగరెయ్యండి. అది కూడా చెప్పినమాట వినలేదనుకోండి, ఇంట్లో ఉన్నవన్నీ ఎవరికైనా ఇచ్చెయ్యాలి. రిమోట్‌తో సహా."

"సరే" అన్నాడు బాబాయి. ఆ సరేతో ఆయన తన సాయంత్రాలన్నీ తీసి బల్లమీద పెట్టేశాడు. అవి పోతే మిగిలేది వెనకగదీ, సానరాయీ.

ఇంజను బిగించే రోజుకి మామయ్య వచ్చాడు. పిన్ని తమ్ముడు, వడ్రంగి. విమానం ముందుభాగంలో ఇంజనుని మోసే ప్లైవుడ్డు గోడ ఆయన కోసి పెట్టిందే. భోజనాల బల్ల మీద అడ్డంగా పడుకున్న విమానాన్ని చూసి, "ఏంటక్కా, ఇంట్లో విమానం పెట్టారా, విమానంలో కాపురం పెట్టారా?" అన్నాడు.

"మీ బావనడుగు. నెలరోజులుగా మేం వంటింట్లో నిలబడి తింటున్నాం."

బాబాయి చూపిస్తున్నాడు. గోడకి నాలుగు అల్యూమినియం కాళ్ళు, కాళ్ళ మీద ఇంజను. గోడ వెనక పళ్ళున్న నట్లు చెక్కలోకి కరుచుకోవాలి. ఇంజను వణుకుకి బోల్టులు వదులవుతాయి కాబట్టి ప్రతి మరకీ నీలం జిగురు చుక్క. పెట్రోలు తాగితే చెక్క పాడవుతుంది కాబట్టి గోడకి రెండు పూతలు. అన్నిటికంటే ముఖ్యమైనది, ఇంజను మూతి తిన్నగా ఉండకూడదు. ప్రొపెల్లర్ తిరిగే జోరుకి విమానం ఎడమకి లాగుతుంది, అందుకని మూతిని ముందే రెండు డిగ్రీలు కుడికి తిప్పి బిగించాలి.

"మన రెండు వంశాల్లో కలిపి ఒక్క డిగ్రీ లేదు, దీనికి రెండు కావాలా బావా?" అన్నాడు మామయ్య.

"ఒరేయ్, వెధవ వేషాలు వెయ్యకు. రెండంటే రెండే."

ఇంతలో ఫోను. ఎవరికో అర్జంటుగా జోడు కావాలట, సెలవైనా సరే రావాలని ఓనరు కొడుకు. బాబాయి ఒక చీటీ మీద రాశాడు: 'మూతి కుడికి, రెండు డిగ్రీలు. వాషర్లు వేసి సరిచెయ్యి.' చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

మామయ్య తలుపులు బిగించే మనిషి. తలుపు ముందు ఎలా నిలబడతాడో విమానం ముందూ అలాగే నిలబడ్డాడు, ఎదురుగా. చీటీ రెండుసార్లు చదివాడు. ఒకపక్క కాళ్ళ కింద వాషర్లు పెట్టి, కోణం చూసి, ఒకటి తీసి, పల్చటిది పెట్టి, మళ్ళీ చూశాడు. గోడ కొయ్యడానికి ఎంతసేపు పట్టిందో వాషర్లకీ అంతే పట్టింది. చివర్లో ముక్కు తొడుగుకి, ప్రొపెల్లర్ ఇరుసు ఎక్కడికి వచ్చిందో అక్కడే గుండ్రంగా రంధ్రం కోశాడు. ఆ కోత చూస్తే ముద్దొస్తుంది.

సాయంత్రం బాబాయి వచ్చి తన కోణమానిని పెట్టి చూశాడు. సరిగ్గా రెండు. ఇటు వెంట్రుకవాసి లేదు, అటు లేదు.

"అబ్బ, ఏం చెయ్యిరా నీది!" అని బావమరిది వీపు చరిచాడు.

అంకె చూశాడు, పక్క చూడలేదు. ఇంజన్ల గురించి మూడు పుస్తకాలు చదివి, కనబడ్డవాళ్ళందరికీ ఉపన్యాసాలిచ్చే నేనూ చూడలేదు.

మరుసటి వారం సెలవు రోజున పొద్దున్నే మైదానానికి వెళ్ళాం. అక్కడ ఎవరు ఎగరెయ్యాలన్నా ఒక పెద్దాయన ఒప్పుకోవాలి. రైళ్ళు నడిపి రిటైరైన మనిషి, తొందర తెలీదు. రెక్కలు గుంజి చూశాడు, బోల్టులు తట్టి చూశాడు, తోకని పట్టుకుని ఇంజను పూర్తి జోరులో ఉండగా మీట వెయ్యమన్నాడు. చప్పుడు టక్కున ఆగింది. "ఊఁ. ముందు నేలమీద నడిపించు" అన్నాడు.

పిన్ని, చూసేవాళ్ళకి అడ్డంగా కట్టిన వల వెనక నిలబడింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. సంచీని రెండు చేతులతో పొట్టకి హత్తుకుంది.

బాబాయి మెల్లగా జోరు పెంచాడు. విమానం కదిలింది, తోక లేచింది. అప్పుడు ఒక్కసారిగా ముక్కు ఎడమకి తిరిగింది. ఆయన కుడికి కొడుతున్నాడు, అది ఎడమకే పోతోంది. ఎడమన వల ఉంది. వల వెనక పిన్ని ఉంది.

"మీట!" అని పెద్దాయన అరిచేలోపే చప్పుడు ఆగిపోయింది. విమానం గడ్డిలో ఇంకొంచెం దొర్లి, వలకి పదడుగుల దూరంలో నిలబడింది.

బాబాయి రిమోట్‌ని మెడలోంచి తీసి బల్లమీద పెట్టాడు. "అయిపోయిందిరా" అన్నాడు నాతో. ఆ గొంతు వింటే కొట్లో ముందుగది వాళ్ళందరినీ వరసగా నిలబెట్టి తన్నాలనిపించింది. వాళ్ళకీ దీనికీ ఏం సంబంధమో నాకు తెలీదు.

ఆయన వెళ్ళి విమానం ముందు గొంతుక్కూర్చున్నాడు. అలవాటు కొద్దీ, జోడు సరిచూసే మనిషిలా, రెండు చేతులూ దాని ముక్కుకి అటూ ఇటూ పెట్టాడు. చాలాసేపు అలాగే చూశాడు.

"ఒరేయ్, ఇటు రా. ఇది ఏ పక్కకి చూస్తోంది?"

మామయ్య వచ్చి ఆయన వెనక నిలబడ్డాడు. "కుడికి."

"ఎవరి కుడికి?"

"నా కుడికి. ఇంకెవరి కుడికి చూస్తుంది బావా? నాకున్న కుడిచెయ్యి ఇదొక్కటే!"

"విమానం కుడిరా! దానిలో కూర్చున్నవాడి కుడి!"

"అందులో ఎవడు కూర్చుంటాడు? పిల్లి కూడా పట్టదు."

"కుడి అంటే ఎదుటివాడి కుడేగా! లోకంలో ఎవరినైనా అడుగు!"

"నీ లోకంలో అందరూ కళ్ళజోళ్ళు పెట్టుకుని నీకెదురుగా కూర్చుంటారు బావా. నా లోకంలో తలుపులు ఉంటాయి. తలుపుకి కుడిచెయ్యి ఉండదు."

పెద్దాయన గడ్డిలో కూర్చుని కళ్ళనీళ్ళు తుడుచుకుంటున్నాడు, నవ్వి నవ్వి. ఎడమకి లాగే విమానాన్ని ఇంకో రెండు డిగ్రీలు ఎడమకే తోసి పెట్టారన్నమాట.

పిన్ని వల దాటి వచ్చింది. బాబాయి లేచి నిలబడ్డాడు.

"మా ఆసుపత్రిలో కాలికి ఆపరేషనంటే ముందురోజే ఏ కాలో పెన్నుతో గుర్తు పెడతారు" అంది. "మీరిద్దరూ కనీసం ఒకర్నొకరు అడుక్కోలేదు."

"అక్కా, బావ చీటీలో..."

"నువ్వు నోరుముయ్యి. ఆ బిళ్ళలు ఈ పక్కవి ఆ పక్కకి మార్చడానికి ఎంతసేపు పడుతుంది?"

బాబాయికి అర్థం కాలేదు. "ఒక్కసారేనన్నావు కదా."

"ఎగిరితే కదా ఒకసారి! ఇది నడిచింది." తర్వాత కొంచెం గొంతు తగ్గించింది. "నావైపే వచ్చింది. మీరు ఆపారు, ఆగింది. అది చూశాను. నాకు కావలసింది అదే."

బాబాయి పానా కోసం జేబులు తడుముకున్నాడు, పానా ఆయన చేతిలోనే ఉంది.

వాషర్లు మార్చడానికి పావుగంట, కొత్త జిగురు ఆరడానికి గంట. పెద్దాయన గడియారం చూసి గంటంటే గంట ఆపాడు. మూతి ఇప్పుడు అసలు కుడికి తిరిగింది కాబట్టి ముక్కు తొడుగు రంధ్రం కుదరలేదు. మామయ్య దాన్ని ఒళ్ళో పెట్టుకుని బిడ్డలా నిమిరాడు. తొడుగు లేకుండానే ఎగరేద్దామని, ముక్కు తేలికవుతుందని బ్యాటరీని కొంచెం ముందుకి జరిపి కట్టారు. పిన్ని పెన్ను తీసి ప్లైవుడ్డు గోడ మీద పెద్ద అక్షరాలతో 'విమానం కుడి' అని రాసి బాణం గీసింది. ఇద్దరినీ చదవమంది. ఇద్దరూ పైకి చదివారు.

ఈసారి తోక లేచింది, ముక్కు తిరగలేదు. తాడు కట్టి లాగినట్టు తిన్నగా పోయింది, చక్రాల కింద వెలుతురు కనబడింది. మూడేళ్ళ తర్వాత మా బాబాయి చేతిలో విమానం గాల్లో ఉంది. పెద్ద చుట్టు, ఇంకో చుట్టు. ఇంజను చప్పుడులో ఎక్కడా తొట్రుపాటు లేదు. ఆరు నిమిషాలకి అది గడ్డి మీద రెండుసార్లు గెంతి దిగి, మా ముందుకి నడిచొచ్చింది. బాబాయి మీట వేశాడు. ఆగింది.

పిన్ని సంచీ కింద పెట్టింది. కుర్చీ లాక్కుని కూర్చుని, కాళ్ళు చాపి, వేళ్ళు విరుచుకుంది.

బాబాయి రిమోట్ పట్టుకుని దొంగలా నిలబడ్డాడు. ఒక్కసారి అయిపోయింది. ఇంకోటి అడగడానికి నోరు రావడం లేదు.

"పెట్రోలు ఇంకా ఉందా?" అంది పిన్ని, కళ్ళు మూసుకుని.

"సగం పైనే ఉంది."

"మరి దాన్ని మళ్ళీ ఇంటికెందుకు మోసుకెళ్ళడం?"