పంతొమ్మిది నల్లావులు, ఒక కొత్త ఫోను

తమిళనాడులో పళ్ళిపట్టు వైపు, ఆంధ్ర సరిహద్దు పల్లెలను చూసుకునే పశువైద్యశాలకు నన్ను బదిలీ చేసినప్పుడు నా సర్వీసులో ఇంకా ఏడేళ్ళు మిగిలి ఉన్నాయి. హోదా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. పేరులో అసిస్టెంట్ అని ఉన్నా ఆ ఆస్పత్రికి ఉన్న డాక్టరును నేనొక్కడినే. నా కింద దేవరాజులు అనే లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టర్ ఉండేవాడు. టీకాలు, కృత్రిమ గర్భధారణ, ఊరూరా నమోదు అతని పని. ఆపరేషన్లు, కష్టమైన కాన్పులు, చనిపోయిన పశువుకు సర్టిఫికెట్టు నా పని. ఈ తేడాలు జనానికి పట్టవు. వాళ్ళకు ఇద్దరమూ ‘మాట్టు డాక్టర్లమే’, అంటే గొడ్ల డాక్టర్లం. నేను చెప్పబోయే సంగతి ఆ ఏడో ఏట, పదవీ విరమణకు పది నెలల ముందు, తమిళుల ఆడి నెలలో, అంటే జూలై ఆగస్టుల మధ్య జరిగింది.

అంతకు కొన్నాళ్ళ ముందు నుంచి మాకు కొత్త పని ఒకటి తగులుకుంది. ప్రతి పశువు చెవికీ పన్నెండంకెల పసుపుపచ్చ బిళ్ళ వేసి, దాన్ని ఫోటో తీసి, అంకెలతో సహా ఫోనులోని యాప్‌కు ఎక్కించాలి. నా పాత ఫోను అద్దం మూడు చోట్ల పగిలి ఉండేది. అది తీసిన ఫోటోలో ఎనిమిదీ మూడూ ఒకేలా కనిపించేవి. తిరువళ్ళూరు సమీక్షలో పై అధికారి నా ఫోటో ఒకదాన్ని గోడ మీద పెద్దదిగా వేసి, ఇది ఆవు చెవా, పొగ పట్టిన తమలపాకా అని అడిగారు. అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. మర్నాడే తిరుత్తణిలో ఒక అంగడికి వెళ్ళి, పాత ఫోను ఎక్స్చేంజికి ఇచ్చేసి, అందులోని నంబర్లన్నీ ఎక్కించుకుని కొత్తది తెచ్చుకున్నాను.

కొత్త ఫోను మీద నా మొదటి అభిప్రాయం, ఇంత వెలుతురు ఎందుకు అని. రెండోది, ఇన్నాళ్ళూ ఎందుకు కొనలేదు అని. చెవి బిళ్ళ మీద అంకెలే కాదు, చెవిలోని వెంట్రుకలు, వాటి మొదట్లో నక్కిన గోమారి పురుగులు కూడా లెక్కపెట్టేటట్టు కనిపించాయి. అక్షరాలు పెద్దవి చేసుకుంటే కళ్ళజోడు వెతుక్కునే పని తప్పింది. పల్లెలో తెలుగు, ఆఫీసులో తమిళం, యాప్‌లో ఇంగ్లీషు, మూడూ నోటితో చెబితే అదే రాసుకునేది. ఒక్క వేలిముద్ర మాత్రం ఎన్నిసార్లు ఒత్తినా ఒప్పుకోలేదు. ముప్పై ఏళ్ళకు పైగా మందునీళ్ళలో కడిగిన చేతులు, గీతలు ఎక్కడ మిగిలి ఉంటాయి? ముఖం చూపించి తెరుచుకోవడం నేర్చుకున్నాను.

మూడో రోజు ఫోను నన్ను మర్యాదగా ఒక ప్రశ్న అడిగింది. ఒకే పేరుతో చాలా నంబర్లు ఉన్నాయి, కలిపేయమంటారా అని. శుభ్రంగా ఉంటుంది కదా అనుకుని సరే అని నొక్కేశాను.

ఇక్కడ నా అలవాటు ఒకటి చెప్పాలి. నేను మనుషుల నంబర్లను ఏనాడూ మనుషుల పేరుతో దాచుకోలేదు. పేడ చేతితో, దొడ్లో నిలబడి, పాత ఫోనులో పేరూ ఊరూ కొట్టే ఓపిక ఎవరికి ఉంటుంది? చుక్కావు, కుంటి బర్రె, పొడిచే జెర్సీ, ఇట్లా పశువు గుర్తు రాసుకునేవాడిని. మా ప్రాంతంలో నల్లావులు ఎక్కువ. ‘నల్లావు’ అనే పేరుతోనే పంతొమ్మిది నంబర్లు ఉండేవి. పాత ఫోను వాటిని రాసిన వరుసలోనే చూపించేది. నాలుగో నల్లావు ఎవరిదో, పదకొండో నల్లావు ఏ ఊరిదో నాకు తడుముకోకుండా తెలిసేది. నేను సరే అనగానే కొత్త ఫోను ఆ వరుసను చెరిపి, పంతొమ్మిది ఇళ్ళనూ ఒకే నల్లావు కింద కుప్ప పోసింది. ఆ సంగతి నాకు వెంటనే తెలియలేదు.

రెండు రోజుల తర్వాత తిరువళ్ళూరులో బిళ్ళల పని మీదే మళ్ళీ సమీక్ష. ఉదయం పదకొండు గంటలకు ఫోను అదిరింది. తెర మీద ‘నల్లావు’. వరండాలోకి వచ్చి ఎత్తాను. ఆడమనిషి గొంతు.

“సార్, యాడ ఉండారు? మన నల్లది పొద్దన్నించీ ఈనలేక అల్లాడతా ఉంది. ఒక కాలు బయటికొచ్చినాది, తల కనిపిస్తా ఉంది, ఇంకో కాలు రాలేదు. మొగోళ్ళు తాడు కట్టి లాగతామంటా ఉండారు. సీక్రం రండి సా...”

అంతే. తిరిగి చేస్తే స్విచ్ ఆఫ్.

దూడ మామూలుగా రెండు ముందుకాళ్ళూ చాచి, వాటి మీద తల పెట్టుకుని బయటికి వస్తుంది. ఒక కాలు లోపల మోకాలి దగ్గర మడత పడితే దారి చాలదు. అప్పుడు చేయవలసింది లాగడం కాదు, దూడను వెనక్కి నెట్టి మడత విప్పడం. తాడు కట్టి లాగితే గర్భసంచి చిరుగుతుంది, ఆవూ దూడా రెండూ పోతాయి. ఇట్లా పోయిన ఆవులకు నేనే సర్టిఫికెట్లు రాశాను. ఆ గొంతు నాకు బాగా తెలిసిన గొంతే. నన్ను ఏడేళ్ళుగా పిలిచిన గొంతు. కానీ ఏ ఊరు, ఎవరి ఇల్లు అన్నది ఎంత కొట్టుకున్నా గుర్తు రాలేదు. నేనున్న చోటికి ఆ పల్లెలు రెండు గంటల దారి. దేవరాజులు ఆ వైపే టీకాల క్యాంపులో ఉన్నాడు, కానీ ఎక్కడికి పంపాలి? రిజిస్టరులో వెతికిద్దామంటే అందులో యజమాని నంబరు మాత్రమే ఉంటుంది. ఫోను చేసింది ఆ ఇంటి ఆడమనిషి, ఆమె నంబరు అందులో ఎక్కి ఉండదు.

పేరు మీద నొక్కితే పంతొమ్మిది నంబర్లు బారుగా పరుచుకున్నాయి. సిగ్గుపడకుండా చెబుతున్నాను, ఆ నిమిషాన ఫోనును గోడకేసి కొట్టాలనిపించింది.

ఆ నంబరు ఎవరిదో మిగతా వాళ్ళలో ఒకరికైనా తెలుస్తుందని, పై నుంచి ఒక్కొక్కటే చేయడం మొదలుపెట్టాను. మొదటాయన ఆవును అమ్మేసి ఏడాదైందట. రెండో ఆమె, “మాది ఈని పదైదు దినాలైంది సార్, జున్ను పంపిద్దామనుకొంటే మీరు యాడా దొరకలా” అంది. మూడో నంబరు మోగి మోగి ఆగిపోయింది. నాలుగో ఇంట్లో ఎవరో ముసలాయన, తమ ఆవు బాగానే ఉందని, తన మోకాలికి ఏదైనా మందు చెప్పమని అడిగాడు. ప్రతి ఒక్కరికీ నాకు వచ్చిన నంబరు చివరి నాలుగంకెలు చదివి, ఇది ఎవరిదో తెలుసా అని అడుగుతూ పోయాను. ఎవరూ విసుక్కోలేదు. తెలియని వాళ్ళు కూడా, కనుక్కుని చెబుతామని ఫోను పెట్టేశారు.

ఏడో నంబరు అత్తిమంజేరిపేట దగ్గరి పల్లెలో చెంగల్రాయుడిది. అతను అంకెలు విని, ఒక్క నిమిషం తన ఫోనులో వెతికి గట్టిగా అన్నాడు.

“ఇది మా వీధి చివర కన్నయ్య మామ పెండ్లాం నంబరు సార్. వాళ్ళ దొడ్లో జనం గుంపు కూడినారు. ఎందుకో అనుకొంటిని.”

పరుగెత్తి వెళ్ళి వీడియో కాల్ చెయ్యమన్నాను. మరో వైపు దేవరాజులుకు ఊరూ ఇల్లూ చెప్పి బయల్దేరదీశాను. క్యాంపు నుంచి అతనికి ఇరవై నిమిషాల దారి.

వీడియో వచ్చింది. నా ఉద్యోగంలో అంత స్పష్టంగా దేన్నీ దూరం నుంచి చూడలేదు. ఆవు నేల మీద పడి ఉంది. దూడ కాలికి తాడు బిగించి ఉంది, ముగ్గురు మగవాళ్ళు ఆ తాడు పట్టుకుని కాళ్ళు నేలకు తన్ని నిలబడ్డారు. “లాగొద్దు!” అని నేను అరిచిన అరుపుకు సమీక్ష గదిలోంచి పై అధికారి బయటికి వచ్చారు. చెంగల్రాయుడు నా గొంతును వాళ్ళందరికీ వినిపించేటట్టు ఫోనును పైకెత్తాడు.

“డాక్టరు సార్ చూస్తా ఉండారు, తాడు ఇడవండ్రా!”

తాడు వదిలారు. ఆ దొడ్లో ఆవు తల దగ్గర కూర్చున్న ఆమె అప్పుడు తెరలోకి చూసింది. నాకు ఫోను చేసిన మనిషి ఆమే. చెప్పినట్టల్లా ఆమే చేయించింది. ఆవును నిలబెట్టించింది, ముందరి కాళ్ళు పల్లంలో ఉండేటట్టు తిప్పించింది. అట్లా నిలబెడితే కడుపులోని దూడ కాస్త ముందుకు జరిగి, చెయ్యి పెట్టేందుకు చోటు దొరుకుతుంది. సబ్బునీళ్ళు, మంచినూనె సిద్ధం చేయించింది. గుమిగూడిన వాళ్ళను ఒక్క కేకతో దొడ్డి బయటికి పంపింది.

దేవరాజులు వచ్చాడు. రూలు ప్రకారం ఇది డాక్టరు చేయవలసిన పని. నా పర్యవేక్షణలో చేస్తున్నాడని పక్కనే ఉన్న పై అధికారికి చెప్పాను. ఆయన తల ఊపి, కుర్చీ తెప్పించి నా పక్కనే కూర్చున్నారు. నొప్పి ఆగినప్పుడు మాత్రమే దూడను వెనక్కి నెట్టమని, గిట్ట మొనను అరచేతిలో మూసి పట్టుకుని ముందుకు తిప్పమని చెబుతూ పోయాను. మొన తగిలితే లోపల చీరుకుపోతుంది. రెండుసార్లు జారింది. మూడోసారి దేవరాజులు ముఖంలోనే నాకు తెలిసింది, మడత విప్పుకుందని. ఆ తర్వాత పది నిమిషాలకు దూడ నేల మీద పడింది. కదలలేదు. గడ్డితో ఒళ్ళంతా రుద్దమన్నాను, ముక్కులో గడ్డిపోచ పెట్టమన్నాను. అది తుమ్మింది. పెయ్యదూడ. వరండాలో నా కళ్ళు చెమర్చాయి. పై అధికారి నా భుజం తట్టి లోపలికి వెళ్ళిపోయారు. తమలపాకు మాట అన్నందుకు ఆయనను ఆ రోజే క్షమించేశాను.

మర్నాడు ఉదయం ఆవుకు మాయ పూర్తిగా పడిందో లేదో చూడటానికి వెళ్ళాను. పడింది. దూడ వివరాలు యాప్‌కు ఎక్కించాలి. యజమాని పేరు అని ఉన్న చోట కన్నయ్య పేరు ముందే ఉంది. నేను ఆమెను పేరు అడిగాను.

“నా పేరా సార్? నా పేరెందుకు? ఆయన పేరుండాది గదా.”

“నాకు కావాలమ్మా.”

“గోవిందమ్మ” అంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

ఏడేళ్ళుగా ఆ ఆవును కడిగేది, పితికేది, జబ్బు చేస్తే నాకు ఫోను చేసేది ఆమె. ఆమె పేరు నా రిజిస్టరులో లేదు, ఫోనులో లేదు, నా తలలో లేదు. సరే, నా నంబరు నీ దగ్గర ఎట్లా ఉందని అడిగాను. ఫోను తీసి చూపించింది. అక్షరం ఒక్కటి లేదు. నా నంబరు దగ్గర ఆ నల్లావు ఫోటో ఉంది.

“నిన్న మాట్లాడతా ఉండంగానే చార్జు అయిపోయినాది. నాకు చదువు రాదు సార్. ఆవు బొమ్మ చూసి నొక్కితే మీరొస్తారు.”

తిరుగు దారిలో తిరుత్తణిలో ఆగి అంగడివాడికి నా గోడు చెప్పుకున్నాను. అతను నవ్వి, కలిపిన నంబర్లను కొన్ని రోజుల లోపు మళ్ళీ విడదీయవచ్చని, రెండు నిమిషాల పని అని ఫోను కోసం చెయ్యి చాచాడు. వద్దన్నాను. విడదీస్తే మళ్ళీ పంతొమ్మిది నల్లావులు వస్తాయి, మనుషులు రారు.

ఆ తర్వాతి రెండు నెలలూ ఎవరి దొడ్డికి వెళ్ళినా, పశువును చూసే మనిషి పేరు అడిగి ఫోనులో చెప్పి రాయించాను. రిజిస్టరులో యజమాని పేరు కింద, గీతకు బయట, చిన్న అక్షరాలతో అదే పేరు రాశాను. సగానికి పైగా ఆడవాళ్ళ పేర్లు. పై వాళ్ళు తనిఖీలో చూశారు, కొట్టివేయమనలేదు. రిటైరైన రోజు నా తర్వాత వచ్చిన డాక్టరుకు తాళాలు, మందుల పట్టికతో పాటు ఈ పేర్ల జాబితా కూడా అప్పగించి, సంతకం తీసుకున్నాను.

ఆ ఫోనుకు, ఆ రోజు విసుక్కోకుండా మాట్లాడిన ఐదుగురికి, ఏడో నంబరు చెంగల్రాయుడికి, దేవరాజులు చేతికి నేను రుణపడి ఉన్నాను. నేర్చుకున్నది మాత్రం ఒక్కటే. పశువుల డాక్టరుకు ఫోను చేసేది పశువు కాదు. ఇది తెలియడానికి నాకు ముప్పై రెండేళ్ళ సర్వీసు, ఒక కొత్త ఫోను పట్టాయి.