మడత దగ్గర తుంచిన రొట్టె

అరవైల చివర ఒక ఉదయం, విజయనగరంలో ప్యాసింజరు ఎక్కి పొట్లం విప్పాను. ఎదురు బల్ల మీది ముసలమ్మ వంగి చూసింది.

“అదేటి బాబూ?”

“సాండ్‌విచ్ అంటారు మామ్మా. రెండు బ్రెడ్డు ముక్కల మధ్య కూర పెడతారు.”

ఆవిడా తన మూట విప్పింది. లోపల ఉల్లికారం రాసి మడిచిన చోడిరొట్టె, అంటే రాగిరొట్టె, ఉంది.

“అయితే ఇదీ అదే గదా.”

“కాదు. మీది ఒక్క రొట్టె, మడత పెట్టారంతే. రెండుండాలి.”

అప్పుడే నాకు మేష్టరుద్యోగం వచ్చింది. ఎవరు దొరికినా పాఠం చెప్పేవాణ్ణి.

ఆవిడ రొట్టెను మడత పొడుగునా తాపీగా తుంచి, పై ముక్కను మళ్లీ కింది ముక్క మీద సర్దింది.

“ఇప్పుడు రెండున్నాయి. సెప్పు.”

పెట్టెలో అందరూ నవ్వారు. ఆవిడ నాకొక తునక పెట్టింది, నేనొక బ్రెడ్డు ముక్క ఇచ్చాను.

“సప్పగా ఉన్నాది. కారం అద్దుకో బాబూ,” అంది జాలిగా.

అద్దుకున్నాను. శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో ఆవిడ దిగిపోయింది. పేరడగలేదు.

ఇప్పటికీ ఇంట్లో రొట్టె మడిచి పెడితే, మడత దగ్గర తుంచుకునే తింటాను. ఎందుకని మనవరాలు అడిగితే, “రెండుండాలి కదమ్మా,” అంటాను.