యాదమ్మ హోటల్ నల్లబల్ల

సూర్యాపేట కోర్టు క్యాంటీన్‌లో ఈ ఉదయం పాలు అడుగంటాయి. ఆ మాడు వాసన తగలగానే, చేతిలో ఉన్న, ఒక వెబ్‌సైట్ మీద వేసిన పరువు నష్టం దావా ఫైలు పక్కన పెట్టేశాను. మనసు మిర్యాలగూడ రైల్వే స్టేషన్ ఎదుట యాదమ్మ నడిపిన చాయ్ హోటల్‌కు పోయింది. ఎవరో రాసిన మాటకు, దానికి చోటిచ్చినవాళ్లు జవాబుదారులా అన్న తగవు ఇంటర్నెట్‌తోనే పుట్టిందనుకునే కుర్ర వకీళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. తొంభైల మొదట్లోనే అది ఒక చాయ్ హోటల్ మీదికి వచ్చింది.

ఆ హోటల్ గోడకు ఒక నల్లబల్ల ఉండేది. కరెంటు కోత, కాలువ నీళ్లు, తప్పిపోయిన బర్రె, ఎవరైనా ఏదైనా సుద్దముక్కతో రాయొచ్చు. యాదమ్మ పెట్టిన కట్టడి ఒక్కటే: ఎడమ సగం రాసేవాళ్లది, కుడి సగం జవాబు చెప్పేవాళ్లది. బూతు కనిపిస్తే మాత్రం తడిగుడ్డతో తుడిచేసేది. ఒకరోజు పాలకీడు రైతొకాయన, ఊరి చివరి రైస్ మిల్లులో వడ్లు తూచే కాంటాలో మోసం ఉందని రాసి వెళ్లాడు. రాసిందెవరో మిల్లు యజమానికి తెలియదు, బల్ల ఎవరిదో తెలుసు. యాదమ్మ మీద దావా వేశాడు. ఓడితే హోటల్ అమ్ముకోవాల్సిందే.

కోదాడ నుంచి వచ్చి కొత్తగా ప్రాక్టీసు పెట్టిన నేను ఆమె ఇడ్లీలతోనే బతికేవాణ్ని. కేసు నా చేతికే వచ్చింది. గిరాకీ హడావిడిలో ఏం రాశారో చూడలేదని చెబితే బయటపడొచ్చని సలహా ఇచ్చాను. ఆమె పొయ్యి మీది నుంచి చూపు తిప్పకుండా వింది.

"సూసిన బిడ్డా. సదివినంకనే ఉంచిన. సూడలేదంటే ఇగ ఆ బల్లను ఎవలు నమ్ముతరు?"

నాకు ఒళ్లు మండింది. తను మునిగేది కాక నన్నూ ముంచుతోందనుకున్నాను.

కోర్టులోనూ అదే చెప్పింది. రాసిందెవరో మాత్రం చెప్పనంది. తర్వాత మిల్లు యజమాని వైపు తిరిగింది.

"సేటూ, నీ సగం గట్లనే ఖాళీగుంది. ఇంకెవల్నీ రాయనియ్యలే."

జడ్జిగారు కళ్లజోడు తీసి, మీరు జవాబు రాశారా అని ఆయన్ను అడిగారు. చాయ్ హోటల్ గోడ మీద నేను రాయడమేంటని ఆయన గొణిగాడు. కేసు వాయిదా పడింది. జవాబు రాయని సేటు సంగతి ఊరంతా పాకింది. ఆ వారంలోనే ఆయన కారు దిగి, జనమంతా చూస్తుండగా సుద్దముక్క అందుకున్నాడు. కాంటా చెడిపోయిన మాట నిజమేనని, బాగు చేయించానని, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చని రాశాడు. యాదమ్మ ఆయనకు మలాయి వేసి చాయ్ ఇచ్చింది. దావా వాపసైంది.

ఆ తర్వాత ఏ కక్షిదారుకీ "చూడలేదని చెప్పు" అని నేను నేర్పలేదు. అందువల్ల కొన్ని కేసులు పోయాయి, కొందరు వేరే వకీలును చూసుకున్నారు. ఇంట్లోవాళ్లు దీన్ని చేతగానితనం అంటారు. అననీ. చూశానని ఒప్పుకుని గెలిచిన మనిషి పక్కన వకీలుగా నిలబడ్డాను, ఆ గర్వం నాకింకా దిగలేదు.