హిజ్రీ లెక్కలో పెద్దదైపోయిన మా అమ్మాయి

ఖతీఫ్ అనే ఈ అరబ్బు ఊళ్లో ఆడపిల్లల ఫుట్‌బాల్ అకాడమీ దరఖాస్తులో మా అమ్మాయి వయసు పన్నెండు అని రాసింది నేనే. గోదాములో సరుకు లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. నా అంకెను నేను అనుమానించను. దాంతో అమ్మాయిని పన్నెండు దాటినవాళ్ల జట్టులో వేశారు. అక్కడ అందరిలోకీ అదే పొట్టిది. రెండు నెలల శిక్షణలో పెద్ద పిల్లల మోచేతుల కిందనుంచి దూరి బంతి లాక్కోవడం నేర్చుకుంది. మ్యాచ్ రోజున మాత్రం ఎవరూ ఆడనివ్వలేదు.

ఈలోగా ఇక్కడ భార్యాపిల్లలకు తలకింత అని కట్టే లెవీ మళ్లీ పెరిగింది. తల్లీకూతుళ్లను ఎగ్జిట్ వీసా మీద ఊరికి పంపేయక తప్పలేదు. టిక్కెట్లు చూసి అమ్మాయి ఏడవలేదు.

"ఒక్క మ్యాచ్ ఆడి వెళ్తా నాన్నా. ఒక్కటే."

ఎగ్జిట్ కాగితాలకోసం అమ్మాయికి ఇక్కడ ఉండటానికిచ్చిన ఇకామా కార్డు, పాస్‌పోర్టు పక్కపక్కన పెట్టినప్పుడు నా తప్పు బయటపడింది. నేను వయసు లెక్కకట్టింది ఇకామా మీది హిజ్రీ తేదీతో! చంద్రుణ్ణి బట్టి నడిచే ఆ హిజ్రీ ఏడాది మన ఏడాదికన్నా పదకొండు రోజులు తక్కువ. పన్నెండేళ్లకు నూట ముప్ఫై రోజుల తేడా. పాస్‌పోర్టు ప్రకారం అమ్మాయికి పన్నెండు నిండటానికి ఇంకా యాభై మూడు రోజులున్నాయి.

"అయితే పిల్లను నాలుగు నెలలు ముందే పెంచేశారన్నమాట!" అని మా ఆవిడ పడీపడీ నవ్వింది.

అకాడమీ గేటు దగ్గర పాస్‌పోర్టు చూపిస్తే ట్యునీసియా కోచమ్మ కూడా నవ్వింది. శుక్రవారం చిన్నవాళ్ల జట్టుకు చివరి మ్యాచ్, తీసుకురండి అంది. తల్లీకూతుళ్ల విమానం ఆదివారం.

లోపలికి ఆడవాళ్లకే ప్రవేశం. నేను బయట కారులో పెన్సిలుతో కూర్చున్నాను. మా ఆవిడ ఫోన్లో చెబుతోంది.

"బంతి మన పిల్ల దగ్గరికొచ్చిందండీ."

"ఏ కాలితో తన్నింది?"

"బూటున్న కాలితో! ఊరుకోండి, కాస్త చూడనివ్వండి."

పిల్ల బంతి తన్నిన ప్రతిసారీ ఒకటి చొప్పున పదిహేడు గీతలు గీశాను. పద్దెనిమిదోది గీస్తుండగా గోడ అవతల ఒక్కసారిగా అరుపులు. ఫోన్ కింద పడ్డ చప్పుడు. నేను కారు దిగి, పక్క కారు పాకిస్తానీ డ్రైవర్ను వాటేసుకున్నాను.

"గోల్ హుఆ?" అన్నాడతను.

"హుఆ!"

"కిస్ నే మారా?" ఎవరు కొట్టారని అడిగాడు.

"పతా నహీ భాయ్!" నాకేం తెలుసు మరి.

ఇద్దరం గెంతాం. తర్వాత మా ఆవిడ రొప్పుతూ చెప్పింది. గోల్ కొట్టింది ఇంకో పిల్లట, బంతి అందించింది మాత్రం మనదేనట. నాకు అదీ ఇదీ ఒకటే అనిపించింది. జీవితంలో మొదటిసారి నేను లెక్క మధ్యలో వదిలేశాను.

మ్యాచ్ అయ్యాక అమ్మాయి గేటు దాటి పరుగున వచ్చింది. నా దగ్గర ఆగలేదు. "మొత్తం ఆడాను నాన్నా, మొత్తం!" అని అరుస్తూ కార్ల చుట్టూ తిరుగుతూనే ఉంది. దాని సంచీ పట్టుకుని, పొట్ట ఊగుతుండగా, నేనూ వెనకాలే పరిగెత్తాను.