ఊపని సీసా

మా మట్టెవాడ సదానందం మంచివాడే, కాకపోతే కుళ్ళుబోతు. ఈ మాట ఆయన ముందే అంటాను, ఆయనా కాదనడు.

ఇరవై రెండేళ్ళుగా ఆయన పని ఇంజన్ నూనె పరీక్ష. ఇంజన్‌లో భాగాలు ఒకదానితో ఒకటి రాసుకుని అరిగితే, కంటికి ఆనని ఇనుప రజను నూనెలో కలుస్తుంది. కాస్త నూనె మిషన్‌లో పెడితే ఇనుమెంతో అంకె చెబుతుంది. లారీలు, బస్సులు, బోరుబండ్లు, అన్నిటి నూనెలూ చూశాడు. నిరుడు విమానం నడపడం నేర్పే స్కూలు నుంచి కూడా సీసాలు రావడం మొదలైంది. ఆ రిపోర్టుల మీద సంతకం తనదేనని మొహల్లా అంతా చెప్పుకున్నాడు. మేనేజర్ మాత్రం ప్రియాంకకిచ్చాడు. ఎమ్మెస్సీ చదివిన పిల్ల, చేరి రెండేళ్ళు కాలేదు.

ఆ రోజు నుంచి ఆమె నవ్వినా సదానందానికి మంటే, నవ్వకున్నా మంటే. కావాలని "మేడం" అని పిలిచేవాడు. ఆ పిలుపులో ఎంత కారముందో తెలియని ఆ అమ్మాయి "ఏందన్నా?" అని పలికేది.

మొన్న ఎండాకాలంలో ఒక విమానం సీసా వచ్చింది. కదలకుండా ఉంటే రజను అడుక్కు దిగుతుంది, అందుకని ముందు బాగా ఊపాలి. ప్రియాంక సీసా పట్టుకునేసరికి ఫోన్ మోగింది. మాట్లాడి వచ్చి, ఊపడం మరిచి, పైనున్న తేట నూనె తీసి మిషన్‌లో పెట్టింది. అంకె తక్కువొచ్చింది. బాగుందని రాసి, సంతకం చేసి పంపేసింది. ఆ విమానం మూడు గంటలకు ఎగరాలి.

పక్క బల్ల దగ్గర నుంచి సదానందం అంతా చూశాడు. నోరు విప్పలేదు. అంత హాయి జన్మలో ఎరగడట. ఎప్పుడో ఒకప్పుడు తప్పు బయటపడుతుంది, ఆమె సంతకం ఊడుతుంది. నూనెలో నిజంగానే ఏమీ ఉండకపోవచ్చని కూడా తనకు తాను నచ్చజెప్పుకున్నాడు.

మధ్యాహ్నం ప్రియాంక డబ్బా విప్పింది. "అమ్మ పచ్చిపులుసు చేసిందన్నా, జర పోసుకో." పోసుకున్నాడు. ముద్ద కలుపుతూ ఆమె మొహం చూశాడు. ఆ విమానంలో కూర్చునేదీ ఈ ఈడు పిల్లలే కదా అనిపించింది. అయినా ఇంకో గంట కూర్చున్నాడు. అంత గట్టి కుళ్ళు మరి.

రెండున్నరకు లేచి, మిగిలిన నూనెను చెయ్యి నొప్పెట్టేదాకా ఊపి మిషన్‌లో పెట్టాడు. ఇనుము మూడింతలు. కాగితం తెచ్చి ఆమె ముందుంచాడు. "సీసా ఊపలేదు మేడం."

ప్రియాంక మొహం పాలిపోయింది. బుకాయిస్తుందనుకున్నాడు. ఆమె వెంటనే స్కూలుకు ఫోన్ కొట్టింది. "సార్, పొద్దటి రిపోర్టు తప్పు. తప్పు నాదే, నేను సీసా ఊపలే. విమానం లేపకుండ్రి, ఇంజన్ ఇప్పి చూడుండ్రి." మేనేజర్ గదిలోకి వెళ్ళి అదే మాట చెప్పింది.

తిరిగొచ్చి సదానందం చెయ్యి పట్టుకుంది. "నువ్వు లేకపోతే ఏమైతుండెనో అన్నా! ఎప్పుడు చూసినవ్?"

"ఇప్పుడే" అన్నాడు సదానందం.

ఇంజన్ విప్పితే బేరింగు అరిగి ఉంది. మేనేజర్ సదానందానికి శాలువా కప్పి, సంతకం కూడా ఆయనకే ఇచ్చాడు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ప్రియాంకే.

"ఇగనన్నా కడుపుమంట సల్లారిందా?" అని అడిగాను.

"ఏడ సల్లారిందే! తప్పు నాదే అని ఆ పిల్ల ఎంత అల్కగ, జర గూడ ఎనుకాడకుంట అన్నదో! నాకు ఇప్పటికీ నోరు వస్తలేదు. ఇప్పుడు దానికే మండుతాంది."