మగ్గం దిమ్మ మీద బావ కారు

ఆ రోజుల్లో కారుకి గౌరవమంతా దాని ఎత్తులోనే ఉండేది. డెబ్భైల్లో మా కృష్ణా జిల్లా రోడ్లు చూసినవాళ్ళకి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. ఫ్యాక్టరీకి పోయే చెరుకు బళ్ళు తొక్కి తొక్కి ఉయ్యూరు దారిలో రెండు పక్కలా కాలవలు తవ్వేసేవి, మధ్యలో ఒక గట్టు మిగిలేది. ఆ గట్టు కడుపుకి గీసుకోకుండా పోయిందే కారు. అలాంటి కాలంలో, అలాంటి రోడ్డు మీద, నిక్షేపంగా ఉన్న కారుని నేలకి దించాలన్న ఆలోచన జిల్లా మొత్తం మీద ఒక్కడికే వచ్చింది. ఆ ఒక్కడూ మా బావే కావడం, ఆ బావకే నన్నివ్వాలని పెద్దవాళ్ళు ఎప్పుడో అనేసుకోవడం నా ప్రాప్తం.

నా సంగతి కూడా కాస్త చెప్పుకోవాలి. బెజవాడ వన్ టౌన్‌లో మాది మోటారు బళ్ళ నట్లు, బోల్టుల కొట్టు. చదువు అయింది, పెళ్ళి ఇంకా కాలేదు, ఇంట్లో కూర్చుంటే నానమ్మతో రోజూ యుద్ధమే. అందుకని నాన్న నన్ను కొట్లో కూర్చోబెట్టాడు. కూర్చోబెట్టిన మూడో నెలకల్లా నాకు తెలియని బోల్టు లోకంలో లేదనే నమ్మకం వచ్చేసింది (ఆ నమ్మకం లేనివాళ్ళకి నేను సరుకిచ్చేదాన్ని కాదు). ఒక్క బోల్టు కోసం వచ్చిన లారీ డ్రైవరు, పాతది ఎందుకు విరిగిందో నాకు సంజాయిషీ చెప్పుకుంటే గాని కొత్తది చేతికందేది కాదు. "షావుకారు గారూ, మీ అమ్మాయి నోటికి కూడా ఒక నట్టు బిగించండి" అని వాళ్ళు నాన్నతో అనేవాళ్ళు. నాన్న నవ్వేవాడు. నేను నవ్వేదాన్ని కాదు.

అత్తయ్య, అంటే నాన్న అక్క, వాళ్ళది ఉయ్యూరు. మగ్గాల మీద బతికి, తర్వాత బట్టల వ్యాపారంలోకి దిగిన కుటుంబం. బావ ఒక పాత చిన్న కారు కొన్నాడు. ఎవరి దగ్గరో విదేశీ పత్రికలో నేలని ముద్దు పెట్టుకుంటున్న కారు బొమ్మ చూశాడట, అంతే, నిద్ర పట్టలేదట. మా తాంబూలాలకి చీరలు చూసుకోవడానికి నానమ్మనీ నన్నూ ఉయ్యూరు తీసుకెళ్దామని ఒక ఉదయం తల్లీకొడుకులు ఆ కారులోనే వచ్చి కొట్టు ముందు ఆగారు. బురదలో కూలబడ్డ గేదెలా ఉంది బండి.

"ఎలా ఉందే?" అన్నాడు బావ, అద్దంలో చూసుకుని క్రాపు సర్దుకుంటూ.

"వెనక టైర్లలో గాలి పోయింది బావా."

"గాలి కాదే మొద్దూ, స్టైలు! బండిని దించాం."

దించారంటే ఎలా దించారో చూడాలి కదా. ఓణీ నడుముకి దోపుకుని, గోనెపట్టా ఒకటి పరుచుకుని, నడిబజార్లో కారు కిందికి దూరాను. (కాబోయే అత్తగారు చూస్తోందన్న జ్ఞానం అప్పుడు లేదు. ఉన్నా దూరేదాన్నే.) కింద చూసింది ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. వెనక ఇరుసుకీ, స్ప్రింగు పట్టీల కట్టకీ మధ్య చెరో పక్క ఒక చెక్కదిమ్మ పెట్టారు. ఆ ఇరుసునీ పట్టీలనీ కలిపి పట్టుకోవాల్సిన యూ బోల్టులు దిమ్మ వల్ల పొడుగు చాలక, ముక్కలు అతికి వెల్డింగు కొట్టించారు. నట్టు బిగించాక బోల్టు మరలు రెండైనా బయటికి కనపడాలి. ఇక్కడ ఒక్కటీ లేదు, నట్టు చివరంచు పట్టుకుని వేలాడుతోంది.

"ఇదేంటి బావా, చెక్క పెట్టావ్?"

"చెక్కంటావేంటే? అది మా తాత మగ్గం దుంగ! పాతకాలం టేకు. ముప్ఫయ్యేళ్ళు ఆయన బాదితేనే చెక్కుచెదర్లేదు, మీ వన్ టౌన్ గుంటలకి చెదురుద్దా?"

"మీ తాత మగ్గం మీద నలుగుర్నెక్కించుకుని బెజవాడ రాలేదు కదా! ఇది నలిగిందంటే బోల్టు వదులైపోద్ది, వదులైతే ఆ అతుకు దగ్గర విరుగుద్ది. నానమ్మని ఈ కారెక్కనివ్వను. నేనూ ఎక్కను."

"చూశావా తమ్ముడూ నీ కూతురి నోరు! ఇంకా తాంబూలాలన్నా పుచ్చుకోలేదు" అంది అత్తయ్య. నాన్న నా వైపు చూసి "అమ్మాయ్, ఊరుకోమ్మా, మగపెళ్ళివారు" అని గొణిగాడు. బావ మొహం కందగడ్డ అయిపోయింది. "పోనీలెండి మామయ్యా, నా కారే ఎక్కనిది నా ఇంటికేం వస్తుంది? ఏ లారీ డ్రైవర్నో చూసి చేసుకోమనండి" అన్నాడు.

బావంటే నాకు ఇష్టం. చిన్నప్పట్నుంచీ ఇష్టమే. ఆ కారులో రోజూ ఉయ్యూరు నుంచి బేరానికి వచ్చిపోయేది అతనే కదా, ఏ కాలవ గట్టు మీదో ఆ బోల్టు విరిగితే నా గతేం కావాలి? ఈ మాట నోటితో అనేస్తే సరిపోయేది. అనడం చేతకాక పందెం కట్టాను.

"ఊరికే తగువెందుకు బావా? మనుషులకి బదులు మూటలెక్కించు. కాలవ వంతెన దాకా పోయొద్దాం. ఏమీ కాకపోతే నీ కాళ్ళకి దణ్ణం పెట్టి కారెక్కుతా, జన్మలో నీ బండి జోలికి రాను. ఏదన్నా అయితే మాత్రం దిమ్మలు పీకెయ్యాలి."

అత్తయ్య వాళ్ళు ఆ ఉదయమే బజార్లో కొన్న నూలు మూటలు పక్క గోడౌన్లో ఉన్నాయి. వాటిని వెనక సీట్లో కూరాం. ఎక్కనని శపథం చేసిన కారు నేనే ఎక్కి ముందు సీట్లో కూర్చున్నాను, ఎందుకంటే కళ్ళారా చూసే సాక్షి లేకపోతే బావ ఒప్పుకునే రకం కాదు. "ముందు కుడిపక్కది పోద్ది, చూస్తుండు" అని జోస్యం కూడా చెప్పాను.

వంతెన దాకా ఏమీ కాలేదు. వెనక్కి తిప్పాక కూడా ఏమీ కాలేదు. బావ ఈల వేయడం మొదలుపెట్టాడు. "దణ్ణం కుడికాలికి పెడతావా, ఎడంకాలికా?" అన్నాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. సరిగ్గా అప్పుడే, మురిక్కాలవ తూము మీద బండి ఎగిరి పడింది. వెనక ఠప్పుమని చప్పుడు. ఎడమ పక్క ఇరుసు జరిగిపోయింది. బావ స్టీరింగు తిన్నగానే పట్టుకున్నాడు, బండి మాత్రం ఎండ్రకాయలా అడ్డంగా నడుస్తోంది. నూలు మూటలు ఒక్కొక్కటీ మా నెత్తిన పడుతున్నాయి. చివరికి రోడ్డు పక్క కొబ్బరితాళ్ళ కుప్పలోకి మెత్తగా దూరి ఆగాం. చేపల గంప నెత్తినెట్టుకుని పోతున్న ఒకావిడ నిలబడి, "ఏం బాబూ, నీ బండి ముందుకెళ్తదా, పక్కకెళ్తదా?" అని అడిగింది.

"చూశావా!" అనాల్సిన ఘడియ అది. ఆ మాట కోసమే కదా అంత దూరం వచ్చాను! తీరా చూస్తే నాకు ఏడుపొచ్చింది, వెక్కి వెక్కి ఏడ్చాను. "చచ్చిపోతావు బావా, అందుకే చెప్పాను" అన్నాను. బావ వెనక్కి తిరిగి, నానమ్మ కూర్చోవాల్సిన చోటు కేసి చాలాసేపు చూశాడు. తర్వాత నెమ్మదిగా, "కుడిపక్కదన్నావుగా, ఎడమది పోయింది" అన్నాడు. అంత ఏడుపులోనూ ఒళ్ళు మండిపోయింది నాకు.

మర్నాడు బావ ఒక్కడే కొట్టుకొచ్చాడు. దిమ్మలు పీకించేశానన్నాడు. సరైన కొలత బోల్టులు నేనే ఏరి ఇచ్చాను. "కొత్తవి కొంత దూరం నడిచాక సర్దుకుని వదులవుతాయి, మళ్ళీ బిగించాలి" అన్నాను. అతను పొట్లం తీసుకుని వెళ్ళిపోయాడు. పెళ్ళి మాట అతనూ ఎత్తలేదు, నాన్నా ఎత్తలేదు. ఆ వారం రోజులూ నేను లారీ డ్రైవర్లని ఒక్క ప్రశ్నా అడగకుండా బోల్టులిచ్చి పంపించాను. ఒంట్లో బాగాలేదేమోనని వాళ్ళే నాన్నని వాకబు చేశారట.

వారం తిరిగాక అత్తయ్య నానమ్మ కోసం మళ్ళీ వచ్చింది. "నువ్వూ రావే" అని ముక్తసరిగా అంటే వెనకాల కూర్చున్నాను. కారు మళ్ళీ తన ఎత్తుకి తాను లేచి నిలబడింది. బావ నడుపుతున్నాడు. కంకిపాడు దాటాక బండి పక్కకి తీసి ఆపాడు. డిక్కీలోంచి స్పానరు తీసుకుని, ఇస్త్రీ మల్లు చొక్కాతోనే దుమ్ములో పడుకుని కారు కిందికి దూరాడు.

"ఏమైందిరా?" అని కంగారుపడింది అత్తయ్య.

"ఏమీ కాలేదమ్మా" అని కింద నుంచి గొంతు వినిపించింది. "కొంత దూరం పోయాక మళ్ళీ బిగించమని నీ కోడలు చెప్పింది."

నానమ్మ నా తొడ మీద గిల్లింది. నేను చెరుకు తోటల కేసి తిరిగి మొహం దాచుకున్నాను.

ఇప్పుడు మా వాకిట్లో ఉన్న కారు మేడలా ఉంటుంది. ఎక్కాలంటే ముందు ఒక కాలు, తర్వాత దేవుడి పేరు, ఆ తర్వాత రెండో కాలు. బావ అవతలి నుంచి చెయ్యి అందించి లాగుతాడు. లాగుతున్నంతసేపూ, ఈ బండి ఒక జానెడు కిందికుంటే ఎంత హాయిగా ఉండేదో అనిపిస్తుంది. పైకి మాత్రం చచ్చినా అనను. నడిబజార్లో గోనెపట్టా మీద పడుకున్న ఆ పిల్ల వింటే నన్ను బతకనిస్తుందా?